జోకు ఎమ్మెల్యే మీద వేశాను, తగిలింది మా అక్క కొడుక్కి

ఈ వారం ఉత్తరం నాలుగు పేజీలుంది. పేరు, ఊరు, చానల్ వివరాలు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

రాసినావిడకు 31 ఏళ్ళు. సొంతూరు ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రం. హైదరాబాద్‌లో ఒక చానల్‌లో ఆరేళ్ళుగా రాత్రిపూట వచ్చే వెటకారం వార్తల బులెటిన్‌కు స్క్రిప్టు రాస్తున్నారు. వేషం కట్టి, తమ ఊరి యాసలో తనే చదువుతారు కూడా. పోయిన వానాకాలంలో తమ నియోజకవర్గంలోని ఒక వాగు మీద స్కిట్ చేశారు. ఆ వాగుపై వంతెనకు ఎమ్మెల్యే గారు మూడుసార్లు శంకుస్థాపన చేశారట. మూడు శిలాఫలకాలూ గట్టు మీద వరసగా ఉన్నాయి, వంతెన మాత్రం లేదు. స్కిట్‌లో రెండు జోకులు పేలాయి. మొదటిది: "మూడు రాళ్ళు పెడితే పొయ్యి అయితది సారూ, గిన్నె పెట్టుండ్రి, బువ్వన్న ఉడుకుతది." రెండోది ఎమ్మెల్యే గారి నత్తి మీద: "సారు ‘వం.. వం..’ అనేవరకే మూడేండ్లాయె, ఇగ ‘తెన’ ఎప్పుడంటడో!"

వీడియోను 11 లక్షల మంది చూశారు. రెండో జోకు ముక్క ఒక్కటే కత్తిరించి వాట్సాప్‌లో తిప్పారు. పది రోజుల తర్వాత ఆమె అక్క ఫోన్ చేసింది. అక్క కొడుకు పదో తరగతి, వాడికీ నత్తి ఉంది. బళ్ళో ఇప్పుడు వాడి పేరు ‘వంవం’. స్కూలుకు పోనంటున్నాడు. "మా పిన్ని వేసిన జోకే అని వాడు ఎవరికీ చెప్పలేదట" అని రాసి, ఆ వాక్యం కింద రెండు గీతలు గీశారు.

ఇంకోపక్క నాన్నగారి ఎరువుల దుకాణానికి ఎమ్మెల్యే మనుషులు వచ్చి, చాయ్ తాగి, "మీ బిడ్డ మంచిగనే మాట్లాడుతది, జర సమజ్ చెయ్యుండ్రి" అని వెళ్ళారు. వారం తిరక్కుండా స్టాకు రిజిస్టర్ల తనిఖీ జరిగింది. ఎమ్మెల్యే గారేమో ఒక సభలో "నా నత్తిని ఎక్కిరించిండ్రు" అన్నారు, చప్పట్లు మోగాయి. చానల్‌లో ఇప్పుడు ప్రతి స్క్రిప్టూ షూటింగ్‌కు ముందు మార్కెటింగ్ హెడ్ చూస్తున్నారు. అధికార పక్షం మీద జోకులు కొట్టేస్తారు, ప్రతిపక్షం మీదవైతే "ఇంకొంచెం ఘాటు పెంచండి" అంటారు. వీడియోల కింద ఆమెను మెచ్చుకునేవాళ్ళే ఎమ్మెల్యే కులాన్నీ, ఆయన ఇంటి ఆడవాళ్ళనూ తిడుతూ కామెంట్లు పెడుతున్నారు. తీసేద్దామంటే వ్యూస్ తగ్గుతాయని డిజిటల్ టీమ్ వద్దంటోంది. భర్త ఉద్యోగమే మానేయమంటున్నారు.

ఆమె అడిగింది ఇది: "క్షమాపణ చెబితే భయపడ్డానంటారు. చెప్పకపోతే వాడి మొహం చూడలేను. ఉద్యోగం మానెయ్యనా? అసలు వెటకారానికి హద్దు ఎక్కడండీ?"

అమ్మా,

మూడు రాళ్ళ పొయ్యి జోకు చదివి గట్టిగా నవ్వాను. పక్క గదిలోంచి మా ఆవిడ ఏమైందని అడిగితే ఆమెకూ చదివి వినిపించాను. ఆమె నవ్వి, తర్వాత, "పాపం, ఆ వాగు దాటేవాళ్ళు ఎట్లా పోతున్నారో" అంది. మీ జోకు చెయ్యాల్సిన పని అదే. రెండోది చదివినప్పుడు కూడా నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ తర్వాత వాగు గుర్తుకు రాలేదు. మనిషి నోరు గుర్తొచ్చింది, అంతే.

మీరు హద్దు ఎక్కడని అడిగారు. కొలిచి చూపించే గీత నా దగ్గర లేదు. మీ స్కిట్‌లోనే రెండు జోకులూ పక్కపక్కన ఉన్నాయి కదా, వాటినే చూద్దాం. శంకుస్థాపన ఆయన చేసిన పని, కావాలంటే మానుకోగలిగిన పని. నత్తి ఆయన చేసిన పని కాదు, మానుకోమంటే మానుకోలేరు. ఇంకో సంగతి మీరు రాశారు కానీ ఆగి చూసుకున్నట్టు లేదు. సభలో ఆయనకు చప్పట్లు మోగాయన్నారే, ఆ రోజు అక్కడ వంతెన గురించి ఎవరైనా అడిగారా? అడిగి ఉండరు. మూడు రాళ్ళకు జవాబు చెప్పుకోలేక ఇరుక్కున్న మనిషికి, అవతలి గట్టుకు దాటడానికి మీరే వంతెన వేసిచ్చారు.

ఈ తప్పు నేనూ చేశాను. డెస్క్‌లో సబ్‌ఎడిటర్‌గా ఉన్న రోజుల్లో, పార్టీ మారిన ఒక నాయకుడి ఫొటో కింద ఆయన కుంటి నడకను, పార్టీ ఫిరాయింపును కలిపి ఒక వ్యాఖ్య రాశాను. డెస్క్ అంతా భుజం తట్టింది. నాలుగు రోజులకు ఒక పోస్టుకార్డు వచ్చింది. పోలియో కాలున్న ఒక టీచరు రాశారు, మూడే లైన్లు. తిట్టలేదు. ఆ రోజు పేపరు బడికి తీసుకెళ్ళలేకపోయానని రాశారు. మా ఇన్‌ఛార్జి దాన్ని టెలిఫోన్ పక్కన గుచ్చి పెట్టారు. ఆ కార్డుకు నేను జవాబు రాయలేదు. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి అదీ ఒక కారణం అనుకోండి.

మన దగ్గర ఇలాంటిదే పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది. 2014 జూన్‌లో తెలంగాణ తొలి శాసనసభలో సభ్యులు ప్రమాణ స్వీకారం చేసిన తీరు మీద టీవీ9 వెటకారం కార్యక్రమం వేసింది. కొత్త రాష్ట్రం వచ్చి నెల కూడా కాలేదు. ఎమ్మెల్యేలను ఎన్ని అన్నా పడేవాళ్ళేమో కానీ, చూసినవాళ్ళకు అది తమ భాషనూ తమ మనుషులనూ చదువురానివాళ్ళుగా చూపినట్టు అనిపించింది. తెలుగు సినిమాలో ఏళ్ళ తరబడి ఈ యాసను హాస్యగాడికీ రౌడీకీ అంటగట్టిన చరిత్ర వెనక ఉంది మరి. చానల్ క్షమాపణ చెప్పింది. అయినా కేబుల్ ఆపరేటర్లు టీవీ9తో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు కూడా ఆపేశారు, నెలల తరబడి. ఒక కార్యక్రమంలో తప్పుంటే దాని మీద ఫిర్యాదు చేయాలి, మొత్తం చానలే జనానికి కనపడకుండా పోవడం ఏ లెక్కన న్యాయం? జోకు తప్పే, దానికి వేసిన శిక్ష అంతకన్నా పెద్ద తప్పు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మీ విషయంలోనూ అంతే. మీ నత్తి జోకు తప్పయినంత మాత్రాన నాన్నగారి దుకాణం మీదికి మనుషుల్ని పంపడం ఒప్పయిపోదు. వాళ్ళు బెదిరించారు కాబట్టి మీ జోకు మంచిదీ అయిపోదు.

ఆ యాసనే వీ6 ‘తీన్మార్’ వార్తలు జోకు వేసే నోటికి ఇచ్చాయి. మీ ఉద్యోగానికి దారి వేసింది అదే. ఎగతాళి పడ్డ భాషతో ఎగతాళి చేసే పని మీది. అందుకే ఇంకోడి నోటి మీదికి వెళ్ళే ముందు మీకు ఒక క్షణం చెయ్యి ఆగాలని నాకనిపిస్తుంది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు.

కోర్టులూ ఈ మధ్య ఈ వైపే చూస్తున్నాయి. 2024 జూలైలో సుప్రీంకోర్టు, వికలాంగుల హక్కుల కోసం పనిచేసే నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో వికలాంగుల మీద హాస్యం గురించి వివరంగా మాట్లాడింది. వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాళ్ళను కించపరిచే హాస్యం వేరు అంది. ఆ కేసుకు మూలమైన హిందీ సినిమాలో నత్తి ఉన్న పాత్రను ‘ఇరుక్కుపోయిన క్యాసెట్’ అన్నారని పిటిషనర్ అభ్యంతరం చెప్పారు. మీ ‘వం.. వం..’ దానికి చుట్టమే. 2025 ఆగస్టులో అదే కోర్టు వికలాంగుల మీద జోకులు వేసిన కొందరు హాస్యగాళ్ళను తమ చానళ్ళలోనే క్షమాపణ చెప్పమంది. ఇందులో నాకో బెరుకు కూడా ఉంది. గౌరవం పేరుతో పెట్టిన నియమాన్ని రేపు అధికారంలో ఉన్నవాళ్ళు తమకు కవచంగా తొడుక్కోరని గ్యారంటీ ఏమీ లేదు. ఆ బెరుకుతోనే చెబుతున్నాను, ఎవరో చెప్పించేదాకా ఆగకుండా మీ అంతట మీరు సరిదిద్దుకుంటే దాని విలువే వేరు.

సరే, క్షమాపణ. చెప్పాలా వద్దా అని నలిగిపోతున్నారు. ఎవరికి చెప్పాలో తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఎమ్మెల్యేకు చెబితే భయపడ్డారంటారు, నిజమే. నత్తి ఉన్న పిల్లలకు చెబితే ఎవరేమంటారు?

ఏమీ మాట్లాడకుండా ఆ ముక్క తీసేయడం ఒక పద్ధతి. యూట్యూబ్ ఎడిటర్‌లోనే ఆ ఇరవై సెకన్లు కత్తిరించవచ్చు, లింకు మారదు, వ్యూస్ పోవు. రచ్చ ఉండదు. కానీ వాట్సాప్‌లో తిరిగేది తిరుగుతూనే ఉంటుంది, పైగా ఎవరైనా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి "దొంగచాటుగా తీసేశారు" అంటే మీ దగ్గర జవాబుండదు. బులెటిన్‌లోనే వేషం లేకుండా అర నిమిషం మాట్లాడటం ఇంకో పద్ధతి. "ఆ మాట తప్పు, నత్తి ఉన్న పిల్లలు బాధపడ్డారు, ఆ ముక్క తీసేశాం" అని చెప్పి, అదే ఊపిరిలో మూడు శిలాఫలకాల మీద ఉన్న తేదీలు చదవండి. ఒక వాక్యం వెనక్కి తీసుకున్నంత మాత్రాన స్కిట్ మొత్తం వెనక్కి తీసుకున్నట్టు కాదని చూసేవాళ్ళకు అర్థమవుతుంది. ఎమ్మెల్యే మనుషులు "క్షమాపణ చెప్పించాం" అని డప్పు కొట్టుకుంటారు, అది తప్పదు. నాలుగు రోజులు ఓర్చుకోవాలి. కానీ ఆ తర్వాత ఆయన దగ్గర నత్తి అనే సాకు ఉండదు. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం మూడో దారి. జనం మరిచిపోతారు, నిజమే. పదో తరగతి పిల్లలు మాత్రం ఆ పేరు వదలరు, ఇంటర్‌కీ వెంట వస్తుంది. నన్ను అడిగితే నా మనసు రెండోదాని మీద ఉంది. కానీ మొహం మీది, చానల్ అనుమతీ కావాలి.

ఇక నాన్నగారు. 2025 మార్చిలో ముంబైలో, అప్పటి మహారాష్ట్ర ఉప ముఖ్యమంత్రి ఏకనాథ్ షిండే మీద కమెడియన్ కునాల్ కమ్రా పాడిన పేరడీ పాట వీడియో బయటికొస్తే, షిండే పార్టీ శివసేన కార్యకర్తలు వచ్చి ఆ షో రికార్డు చేసిన హ్యాబిటాట్ స్టూడియోను ధ్వంసం చేశారు. మర్నాడు మున్సిపాలిటీ వాళ్ళు సుత్తులతో వచ్చారు. కమ్రా అక్కడ లేరు. కోర్టుకెళ్ళి ముందస్తు రక్షణ తెచ్చుకున్నారు, క్షమాపణ చెప్పనన్నారు. కుర్చీలు విరిగింది మాత్రం వేదిక నడిపేవాళ్ళవి. వెటకారంలో ఇది ఎప్పుడూ ఉండే లెక్కే. మాట ఒకరిది, ఖర్చు ఇంకొకరిది. మీ లెక్కలో ఆ వేదిక నాన్నగారి దుకాణం. ఎరువుల లైసెన్సు వ్యవసాయ శాఖ చేతిలో ఉంటుంది, సరిగ్గా అక్కడే నొక్కుతున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాన్నగారు ఏమన్నారో ఎక్కడా లేదు. అక్క ఏమందో ఉంది, భర్త ఏమన్నారో ఉంది. ఆయన్ను అడిగారా? ఊళ్ళో ముప్పై ఏళ్ళు దుకాణం నడిపిన మనిషికి ఎమ్మెల్యేలను ఎలా తట్టుకోవాలో మనకన్నా బాగా తెలిసుండొచ్చు. లేదా నిజంగానే భయపడుతూ మీకు చెప్పలేకపోతుండొచ్చు. ఈ వారం ఊరెళ్ళి అడగండి, ఫోన్‌లో కాదు. స్టాకు రిజిస్టర్, బిల్లులు, ఈ-పాస్ మిషన్ లెక్క ఒకదానితో ఒకటి సరిపోయేలా చూసుకోమనండి. ఎవరైనా మళ్ళీ వస్తే తేదీ, టైము, అన్న మాట ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టమనండి. ఫోన్ వస్తే వాదించకుండా రికార్డు చేయమనండి. మాట ముదిరి బెదిరింపు అయితే పోలీసు ఫిర్యాదుకు పనికొచ్చేవి ఇవే.

మీ మీద కేసు భయం గురించి కొంచెం. పరువు నష్టం ఇప్పుడు, పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. రెండేళ్ళ వరకు జైలు ఉండొచ్చు. కానీ అది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు చేసే నేరం కాదు, ఫిర్యాదు చేసినవాళ్ళు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. ప్రజాహితం కోసం చెప్పిన నిజానికీ, ప్రజాసేవకుడి అధికారిక పనుల మీద నిజాయితీగా చెప్పిన అభిప్రాయానికీ ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. అందుకే మూడు శిలాఫలకాల ఫొటోలు, తేదీలు కనపడేలా, భద్రంగా ఉంచుకోండి. చిక్కేమిటంటే ఇలాంటి కేసుల్లో వర్గాల మధ్య విద్వేషం లాంటి పెద్ద సెక్షన్లు కూడా కలుపుతుంటారు. 2025 మార్చి 28న కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు దీని మీదే మాట్లాడింది. మాటలకు సంబంధించి మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదంది. ప్రతిదానికీ ఉలిక్కిపడేవాళ్ళ కొలతతో కాకుండా, గుండె నిబ్బరం ఉన్న మనిషి కొలతతో మాటను తూచాలంది. పోలీసు నోటీసు వస్తే దాచిపెట్టుకుని కుమిలిపోకండి, లాయర్ని వెంటబెట్టుకుని వెళ్ళండి.

చానల్ సంగతికి వస్తే, స్క్రిప్టు కొట్టేయడం మీకు అవమానంగా ఉన్నట్టుంది. కొట్టేయడం నాకు తప్పుగా తోచదు. ఆ నత్తి జోకును ఆ రోజే ఎవరైనా కొట్టేసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. మీ బులెటిన్‌కు ఎడిటర్ కావాలి. ఇప్పుడు ఎడిటర్ సీట్లో ప్రకటనల లెక్క కూర్చుంది, గొడవంతా అక్కడ. రెండు నెలలు ఒక పని చేయండి. కొట్టేసిన ప్రతి లైనూ, ఎవరి మీదో, ఏం కారణం చెప్పారో రాసుకోండి. నిజమో కాదో తేలలేదు, బూతుగా ఉంది, కేసు అవుతుంది, ‘ఫోన్ వచ్చింది’... కారణాలు ఇలా ఉంటాయి. చివరిది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ఆ కాగితం తీసుకుని పైవాళ్ళ దగ్గర కూర్చోండి. మూడు అడగండి: స్క్రిప్టు చూసేది ఎడిటోరియల్ మనిషై ఉండాలి, ఒకే కొలత అన్ని పార్టీలకూ ఉండాలి, కేసు వస్తే లాయర్ ఖర్చు సంస్థదేనని రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడూ ఒప్పుకోరు. ఏది ఒప్పుకుంటారో చూస్తే అక్కడ మీకు ఎంత చోటుందో తెలుస్తుంది. మొదటి రెండూ కాదని, ప్రతిపక్షం మీద మాత్రమే ఘాటు పెంచమంటే, అక్కడ మీరు చేస్తున్నది వెటకారం కాదు, పార్టీ ప్రచారం. అది మంచి జీతం వచ్చే పనే, కాదనను.

బయటికొచ్చి సొంత చానల్ పెట్టుకోవచ్చు. ఫోన్, ట్రైపాడ్, ఒక మైకు చాలు. కానీ నోటీసు వస్తే చదివే లాయరూ మీరే వెతుక్కోవాలి, నత్తి జోకు దగ్గర ఆపే మనిషీ ఉండరు. మొదటి ఏడాది జీతం ఉండదన్న లెక్కతో దిగాలి. వెళ్ళే ముందు కాంట్రాక్టు తీసి చదవండి, మీ పాత్ర పేరు ఎవరిదని రాసుందో చూడండి. బిత్తిరి సత్తి వీ6 నుంచి టీవీ9కి, అక్కడి నుంచి సాక్షికి వెళ్ళినా ఆ పేరు ఆయన వెంటే నడిచింది. అందరికీ అలా జరగదు. మీ భర్త మానేయమనడంలో ప్రేమ ఉంది. ఆయనకు జవాబుగా ఈ రెండు నెలల గడువు చెప్పి చూడండి, "మానను" అని కొట్టిపారేయడం కన్నా నయం.

కామెంట్ల దగ్గర మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. కులం మీద, ఇంటి ఆడవాళ్ళ మీద వచ్చేవి తీసేయండి. మీ అభిమానులే రాశారు కాబట్టి ఉండనివ్వడం ఏం లెక్క? చదివేవాడికి అది మీ వీడియో కిందే, మీ గొంతుకు కొనసాగింపులా కనపడుతుంది. ఎమ్మెల్యే లాయరు స్క్రీన్‌షాట్ తీసేది కూడా వాటినే. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఆపాల్సిన మాటల జాబితా ఇవ్వొచ్చు. తెలుగు లిపిలో ఇస్తే చాలదు, మనవాళ్ళు బూతులన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో చుక్కలు పెట్టి రాస్తారు. అవన్నీ కూర్చుని ఎక్కించాలి. చిరాకు పనే, ఒక సాయంత్రం పడుతుంది. మిమ్మల్ని విమర్శించేవి మాత్రం ఒక్కటీ ముట్టుకోకండి. "నీకు వంతెన తప్ప పని లేదా" అన్నవాణ్ణీ, "నత్తి మీద జోకు సిగ్గుచేటు" అన్నవాళ్ళనూ ఉండనివ్వండి.

వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటి మిగిలింది. బులెటిన్‌లో ఏం చెప్పాలో రాసుకునే ముందు మీ అక్క కొడుకుతో మాట్లాడండి. వాడు మీ పేరు బయటపెట్టలేదన్నారు. వాడి గురించి మీరు టీవీలో మాట్లాడటం వాడికి ఇష్టమో కాదో తెలీదు. పదో తరగతి పిల్లాడికి అది ఇంకో తలనొప్పి కావచ్చు. వద్దంటే ‘పిల్లలు’ అని ఊరుకోండి, ‘మా ఇంట్లో’ అనకండి. మాట్లాడేటప్పుడు వాడు ఎక్కడైనా ఆగితే ఆ మాట మీరు అందించకండి, వాణ్ణే పూర్తి చెయ్యనివ్వండి. స్కూలు హెడ్మాస్టర్ని మీరే వెళ్ళి కలవండి. ఆ ఊళ్ళో మీరు తెలిసిన మొహం, కాబట్టి మీ మాట వింటారు.

వీలైతే ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ మూడు రాళ్ళ ఫొటో నాకొకటి పంపండి. మా ఆవిడ అడుగుతోంది.